పాపను ఎత్తుకుంటే ఏమీ అనిపించడం లేదు, నేను తల్లినేనా?

చెల్లీ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కాన్పై తొమ్మిది వారాలైంది, పాలు పడుతున్నారు, గుడ్డలు మారుస్తున్నారు, కానీ పాపను ఎత్తుకుంటే పక్కింటివాళ్ళ బిడ్డను ఎత్తుకున్నట్టుంది అన్నారు. అత్తగారేమో "మేం నలుగుర్ని కన్నాం, మాకు లేవమ్మా ఈ డిప్రెషన్లు" అంటున్నారట. దీనివల్ల పాపకేమైనా అవుతుందా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. ఏడేళ్ళ కిందట తెనాలిలో, మా పుట్టింట్లో, నాకు ఇదే జరిగింది. అది చెప్తాను.

నేను పాపకి ఏ లోటూ చేయలేదు. ఎన్ని గంటలకు పాలిచ్చానో, ఎన్నిసార్లు పక్క తడిపిందో అన్నీ ఒక నోట్‌బుక్కులో రాసేదాన్ని. పిల్లల డాక్టర్ అది చూసి మెచ్చుకున్నారు కూడా. బరువు బాగానే పెరుగుతోంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. పాలిస్తున్నంతసేపూ నేను గోడ గడియారం వంక చూసేదాన్ని, దాని మొహం వంక కాదు. ఆ సంగతి నోట్‌బుక్కులో లేదు.

కనిపెట్టింది నీళ్ళు పోసే ఆవిడ. రోజూ వచ్చి పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని లాల పోసేది. ఒకరోజు నలుగు పెడుతూ, "పిల్ల నీ వంక చూడట్లేదమ్మాయ్, ఫ్యాను వంక చూస్తంది" అంది. లోపలికెళ్ళి చాలాసేపు ఏడ్చాను. మా అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఆమెకు తెలిసిన వైద్యం అది, తప్పు పట్టను. కాన్పు చేసిన డాక్టరమ్మ మాత్రం "రెస్ట్ తీసుకుంటే అదే సర్దుకుంటుంది" అన్నారు. అది ఇప్పటికీ తప్పే అంటాను. కాన్పైన మూడు నాలుగు రోజులకు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లోపు పోతుంది. నాకప్పటికి పదో వారం.

చివరికి మా ఆయన పట్టుబట్టి గుంటూరులో సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు రాశారు. అవి తేడాగా ఉన్నా ఇలాంటి నీరసం, దిగులు రావచ్చట. తర్వాత పది ప్రశ్నల కాగితం ఇచ్చారు. కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో చూసే ఎడిన్‌బరో స్కేల్ అంటారు దాన్ని, 1987 నుంచీ వాడుతున్నారు. గడిచిన ఏడు రోజుల్లో నవ్వు వచ్చిందా, తప్పు లేకపోయినా మిమ్మల్ని మీరు తిట్టుకున్నారా, ఇలాంటివి. మొత్తం 30 మార్కులు. నాకు 19 వచ్చాయి. ఏ పరీక్షలోనూ మార్కులొచ్చి అంత ఊరట కలగలేదు, నేను చెడ్డదాన్ని కాదు, నాది జబ్బు అని తెలిసింది కాబట్టి. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో లెక్కవేస్తే, బాలింతల్లో సుమారు 22 శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది. మీ అత్తగారి కాలంలోనూ ఉండే ఉంటుంది, అడిగినవాళ్ళు లేరు అంతే.

పాప సంగతి. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా సైకాలజిస్టు 1970లలో చేసిన ప్రయోగం గురించి ఆ డాక్టరే చెప్పారు. తల్లిని బిడ్డ ఎదురుగా కూర్చోబెట్టి, కొద్ది నిమిషాలపాటు మొహంలో ఏ కదలికా లేకుండా ఉండమంటారు. బిడ్డ ముందు నవ్వి పలకరిస్తుంది, చేతులు చాస్తుంది, ఇక లాభం లేదనుకుని మొహం తిప్పేసుకుంటుంది. నాకు ఫ్యాను గుర్తొచ్చి వణుకు పుట్టింది. ఆవిడ వెంటనే, "తల్లి మళ్ళీ పలకరించగానే బిడ్డ మళ్ళీ వస్తుందమ్మా, అది కూడా అందులో భాగమే" అన్నారు. ఏ మందూ లేకుండా నెలల తరబడి వదిలేస్తేనే పిల్లల మాట మీద, మనసు మీద ప్రభావం పడే అవకాశం ఎక్కువట.

నాకు సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు రాశారు. అది పాలలోకి చాలా తక్కువగా వెళ్తుందని చెప్పి, పాలు మానొద్దన్నారు. మీకు ఏది సరిపోతుందో మీ డాక్టరే చెప్పాలి. మందు మొదలుపెట్టిన నాలుగో వారంలో ముందు తిరిగొచ్చింది ప్రేమ కాదు, ఆకలి. చారు పోపు వాసనకి లేచి వంటింట్లోకి వెళ్ళాను. కౌన్సిలర్ నేర్పింది ఒక్కటే: పాప "ఊఁ" అంటే నేనూ "ఊఁ" అనాలి, అది ఆగితే నేనూ ఆగాలి. మొదట్లో నాటకంలా ఉండేది. నీళ్ళు పోసే ఆవిడ కూడా పీట నాకిచ్చి "నువ్వే పొయ్యి" అంది. ఒళ్ళంతా నూనెతో జారే బిడ్డ కాళ్ళ మీద ఉంటే గడియారం చూడ్డం కుదరదు కదా.

ఈలోగా మా నాన్న రోజూ పొద్దున దానికి పేపర్ చదివి వినిపించేవాడు, రాజకీయాలతో సహా. అది మొదటిసారి పకపకా నవ్వింది ఆయనకే. నాకు ఉక్రోషం వచ్చింది. కౌన్సిలర్‌కి సిగ్గుపడుతూ చెప్తే, "పక్కింటి బిడ్డ నవ్వితే మీకు ఉక్రోషం వస్తుందా?" అన్నారు.

ఆస్పత్రిలో చేరిస్తే బిడ్డను తీసేసుకుంటారని నేనూ భయపడ్డాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదు. బెంగళూరులోని మానసిక వైద్య ఆస్పత్రి నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల్ని కలిపి ఉంచే వార్డే ఉంది. మీరు 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎవరివో గొంతులు వినిపించడం, రోజుల తరబడి నిద్రే లేకపోవడం, చచ్చిపోవాలనో పాపను ఏదైనా చేయాలనో అనిపించడం ఉంటే ఆగొద్దు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి, ఒంటరిగా ఉండకండి.

మొన్న మా అమ్మాయి పాత వీడియో చూసి, "ఎందుకమ్మా అంత కోపంగా ఉన్నావు?" అంది. అప్పుడు నాకు ఒంట్లో బాగోలేదన్నాను. "మందేసుకున్నావా?" అంది. వేసుకున్నానన్నాను. సరేనని ఆడుకోడానికి వెళ్ళిపోయింది.