లంకలో కనిపించిన పెద్ద ఉడుము కొమొడో డ్రాగనేనా? ఫోటో ఎలా తీయాలి?

కాదండీ. గోదావరి లంకల్లో కొబ్బరితోటల గట్ల మీద మనకు కనిపించేది మామూలు ఉడుమే. కొమొడో డ్రాగన్ దీనికి బంధువు, రెండూ వరానస్ ప్రజాతివే. కానీ అది కొమొడో, రించా, ఫ్లోరెస్ లాంటి ఇండోనేషియా దీవుల్లోనే ఉంటుంది, 3 మీటర్ల దాకా పెరుగుతుంది. మన ఉడుము తోకతో కలిపి మహా అయితే 1.75 మీటర్లు.

ఫోటోకి పొద్దున్నే ఎండ పడ్డాక వెళ్లండి. ఒళ్లు వేడెక్కేదాకా గట్టు మీదే పడుకుని ఉంటుంది. ఎండ ముదిరాక దాన్ని అందుకోవడం కష్టం. దగ్గరికి వెళ్లకుండా జూమ్ లెన్స్‌తో, బాగా కిందికి వంగి, కంటి మీద ఫోకస్ పెట్టండి. కంటికీ ముట్టె కొసకీ మధ్యలో ఏటవాలు చీలికలా ఉండే ముక్కు రంధ్రం స్పష్టంగా రావాలి, గుర్తుపట్టడానికి అది చాలా పనికొస్తుంది. చీలిన నాలుక క్షణంలో బయటికొచ్చి పోతుంది కాబట్టి షట్టర్ స్పీడ్ సెకనులో 1/1000 వంతు ఉంచండి. ఆ నాలుకే వాసనను అంగిట్లో వాసన పసిగట్టే జాకబ్సన్ అవయవానికి చేరవేస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది!

చెదపుట్టల్లో గుడ్లు పెడుతుంది, వాటిని కదపకండి. ఉడుమును పట్టినా చంపినా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. దాని నూనెతో కీళ్లనొప్పులు తగ్గుతాయన్నది ఉత్త నమ్మకం. ఎవరైనా అమ్ముతుంటే అటవీశాఖకు చెప్పండి.