ఎగిరే బాంబు విమానమేనా?

సందేహం: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ లండన్ మీదికి వదిలిన వి-1 ఎగిరే బాంబులను ‘విమాన విధ్వంసక ఫిరంగులు’ ఎదుర్కొన్నాయని చదివాను. పైలటే లేనిది విమానం ఎలా అవుతుంది? ‘విధ్వంసక’ సరైనదా, ‘నిరోధక’, ‘వ్యతిరేక’ అనాలా? ‘బాంబు లండన్ వీధిలో కూల్చబడింది’ అన్న వాక్యం ఒప్పేనా?

సమాధానం: పుష్పకాన్ని ఎవరు తోలారండీ? ఎక్కినవారి మనసెరిగి అదే సాగింది. గర్భగుడి మీది కట్టడమూ విమానమే, అది కదలనైనా కదలదు. డ్రోనును మానవరహిత విమానమని పత్రికలు రాస్తే మనం ఒప్పుకుంటూనే ఉన్నాం. వి-1కి రెక్కలు, ఇంజను, దారి చూసుకునే గైరోస్కోపు, ఎంత దూరం వచ్చిందో లెక్కపెట్టే చిన్న పంకా ముక్కు మీద, లోపల సుమారు 850 కిలోల మందుగుండు. విమానమనడానికి ఇంకేం కావాలి? కాదన్నా ఫిరంగి పేరుకు ఢోకా లేదు. పోపులపెట్టెలో చిల్లర దాచుకుంటే దాని పేరు మారుతుందా?

‘వ్యతిరేక’ ఇక్కడ అతకదు. సారా వ్యతిరేక ఉద్యమం ఉంటుంది. ఫిరంగికి విమానంతో అభిప్రాయభేదమేమీ లేదు. మిగతా రెండూ మంచి మాటలే, చేసే పని వేరు. లండన్‌కు దక్షిణాన బెలూన్లు ఎగరేసి, వాటి ఉక్కు తీగలకు బాంబులు తగులుకునేలా చేశారు. అది నిరోధకం. ఫిరంగులది విధ్వంసకమే. 1944 జూలై నడుమ వాటిని సముద్రతీరానికి తరలించారు. రాడారు గురి చూపేది, గుండు లక్ష్యం దగ్గరికి రాగానే తనంతట తానే పేలేది. ఆగస్టు 28న 90కి పైగా బాంబులు వస్తే లండన్ చేరినవి నాలుగే. విధ్వంసక నౌకలను ఎరిగిన విశాఖవాసులకు ఈ మాట కొత్తేమీ కాదు.

చివరి వాక్యం మాత్రం తప్పు. ‘-బడింది’ తెలుగు పలుకుబడి కాదన్నది ఒకటి. అసలు అర్థమే తిరగబడుతుంది. తీరంలో గుండు తగిలి పడితే ‘కూల్చారు’. లెక్క ప్రకారం దూరం పూర్తయి దానంతటదే కిందికి దిగితే ‘కూలింది’. లండన్ జనానికి ఈ తేడా చెవులకే తెలిసేది. గుర్రుమనే మోత వినిపిస్తున్నంతసేపూ పర్వాలేదు. నెత్తిమీదికొచ్చి అది ఠక్కున ఆగిందంటే, కొన్ని సెకన్లలో ఎక్కడో కూలుతుంది. మీ వాక్యంలోని బాంబు వీధిలో పడింది కాబట్టి ‘కూలింది’ అనే రాయండి.