లావణ్యకు పెదనాన్న ఉత్తరం

అమ్మా లావణ్యా,

నాలుగో సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయని మీ నాన్న చెప్పాడు. మొన్న ఫోన్‌లో "బీఎస్సీ కెమిస్ట్రీ తర్వాత ఏం చేస్తే బాగుంటుంది పెదనాన్నా?" అని అడిగావు. అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పేయడం ఇష్టంలేక ఉత్తరం రాస్తానన్నాను.

నాన్న బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటాడు. నీ స్నేహితురాళ్లు హైదరాబాద్ అమీర్‌పేట వెళ్లి పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుందాం రమ్మంటున్నారు. మీ సార్ ఎమ్మెస్సీ అంటున్నారు. అందరూ నీ మంచి కోరే చెబుతున్నారు. కానీ ఆ పనుల్లో రోజు ఎలా గడుస్తుందో ఒక్కరూ చెప్పినట్టు లేదు. ఈ సెలవుల్లో నువ్వు తెలుసుకోవలసింది అదే. జీవితం మొత్తానికి ఇప్పుడే ప్లాన్ గీసేయాలని టెన్షన్ పడకు. వీటిలో నీకు పడనిది ఏదో తేలినా సెలవులు దండగ కానట్టే.

నా ఉద్యోగమంతా బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల క్యూసీ ల్యాబుల్లోనే, అంటే నాణ్యత పరీక్షించే చోటే గడిచింది కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. మన విజయనగరానికి అటు పైడిభీమవరం, ఇటు పరవాడ, అచ్యుతాపురం. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన వాళ్లకు ఇంత దగ్గరలో ఇన్ని ఫార్మా కంపెనీలు ఉండటం అదృష్టమే. కానీ "ఫార్మాలో ఉద్యోగం" అంటే ఒకటే పని కాదు. ప్రొడక్షన్‌లో రియాక్టర్ల దగ్గర, సాల్వెంట్ల మధ్య నిలబడి పనిచేయాలి, షిఫ్టులు మారుతుంటాయి. ఆర్ అండ్ డీలో ఎక్కువగా ఆర్గానిక్‌లో ఎమ్మెస్సీ చేసినవాళ్లనే అడుగుతారు. క్యూసీలో అయితే వచ్చిన శాంపిల్‌ని పరీక్షించడం: తేమ ఎంత, అస్సే (అసలు మందు శాతం) ఎంత, ఇంప్యూరిటీలు (మలినాలు) హద్దులో ఉన్నాయా లేదా. శాంపిల్‌లోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు కూర్చుని, అది గీసే క్రొమాటోగ్రామ్ అనే గ్రాఫ్ కోసం ఎదురుచూడటం బయటివాళ్లకు కనిపించే పని. కనిపించనిది రాత పని. తూచిన బరువు దగ్గర్నుంచి ప్రతిదీ చేసిన వెంటనే రికార్డులో ఎక్కాలి. అంకె తప్పు పడితే దిద్దకూడదు, వైట్‌నర్ పూయకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. చిత్తుకాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కిద్దాం అనుకునేవాళ్లకు ఈ ఉద్యోగం పనికిరాదు. ఎంత తెలివైనవాళ్లయినా సరే.

ఇది ఊరికే చాదస్తం అనుకోకు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీల తర్వాత కంపెనీలకు పంపే వార్నింగ్ లెటర్లు ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. మన దేశంలోని ప్లాంట్లకు వచ్చినవి రెండు మూడు వెతికి, డిక్షనరీ దగ్గర పెట్టుకుని చదువు. చించేసిన కాగితాలు, చెరిపేసిన డేటా, నచ్చిన ఫలితం వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేసిన పరీక్షలు, అన్నీ అందులో కనిపిస్తాయి. ఇంటర్వ్యూకి వచ్చే ఫ్రెషర్లలో వాటిని చదివినవాళ్లు నాకైతే అరుదుగానే కనిపించారు. చదువుతుంటే నీకు ఆసక్తిగా అనిపిస్తే క్యూఏ (నాణ్యత పద్ధతులు సరిగా పాటిస్తున్నారో చూసే విభాగం), రెగ్యులేటరీ (మందుల అనుమతుల పని) వైపు కూడా నీకు దారి ఉందన్నమాట.

మీ కాలేజీ ఎలాగూ ఇంటర్న్‌షిప్ చేయమంటుంది. డబ్బులిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకునే పద్ధతి ఒకటి నడుస్తోందని నాకు తెలుసు. ఆ జోలికి పోకు. ఇంటర్వ్యూలో అవతలి కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ని. "ఏ కాలమ్ వాడారు? మొబైల్ ఫేజ్ ఏమిటి?" అని హెచ్‌పీఎల్‌సీ గురించి అడగగానే ఫ్యాన్ వైపు చూసేవాళ్లు ఎంతమందో. కంపెనీలో చోటు దొరక్కపోతే మీ సార్‌ని బతిమాలి కాలేజీ ల్యాబ్ తీయించుకో. మన వీధి బోర్ల నీళ్లు, వాటర్ ప్లాంట్ నీళ్లు సీసాల్లో పట్టి ఈడీటీఏ టైట్రేషన్‌తో కఠినత్వం చూడు. ఒక్కో శాంపిల్ మూడేసి సార్లు చేసి, నేను పైన చెప్పిన పద్ధతిలో నోట్‌బుక్‌లో రాయి. చిన్న పనే. కానీ నువ్వే చేశావు కాబట్టి ఎవరు ఎటు తిప్పి అడిగినా చెప్పగలవు.

ఎమ్మెస్సీ సంగతికొస్తే, ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్లకు పెట్టే జామ్ పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. దరఖాస్తులు సెప్టెంబరులోనే మొదలవుతాయి కాబట్టి మూడో ఏడాదిలో చూద్దాంలే అనుకుంటే ఆలస్యమవుతుంది. పాత పేపర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఒక రోజు ఫోన్ అమ్మకిచ్చి, మూడు గంటలు కూర్చుని 60 ప్రశ్నల పేపర్ ఒకటి పూర్తిగా రాయి. ఎన్ని మార్కులొచ్చాయన్నది ఇప్పుడు ముఖ్యం కాదు. జవాబు రాని ప్రశ్న దగ్గర నీకు విసుగొచ్చిందా, పుస్తకం తీసి చూడాలనిపించిందా? అది గమనించుకో. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఆంధ్రా యూనివర్సిటీకి ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. వాటికీ ఈ చదువే పనికొస్తుంది.

నాన్న మాట కూడా తీసిపారేయకు. టీచర్ ఉద్యోగం గౌరవమైనదే. కానీ లెక్క చూసుకో: బీఈడీ రెండేళ్లు, టెట్, ఆ తర్వాత నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. మన రాష్ట్రంలో 2018 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ పరీక్ష జరిగింది 2025లో. అప్పుడు 16,347 పోస్టులున్నా, మధ్యలో ఏడేళ్లు కోచింగ్ సెంటర్లలో గడిపినవాళ్ల సంగతి ఎవరూ చెప్పరు. ఆ దారిలో వెళ్తే మధ్యలో బతుకుతెరువు ఏమిటో ముందే ఆలోచించుకోవాలి. ముందు నీకు చెప్పడం ఇష్టమో కాదో చూడు. మన వీధిలో పదో తరగతికి వెళ్తున్న పిల్లలను కూర్చోబెట్టి ఆమ్లాలు, క్షారాలు పాఠం చెప్పి చూడు. వాళ్లకు అర్థంకాక మళ్లీ అడిగితే నీకు చిరాకు వస్తే అది కూడా ఒక జవాబే.

అమీర్‌పేట గురించి ఎక్కువ చెప్పను, నాకు తెలిసిన రంగం కాదు. ఫీజు కట్టేముందు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్ 'స్వయం'లో ఉచితంగా దొరికే పైథాన్ కోర్సు మొదలుపెట్టు. ఎవరూ అడగకుండానే రెండు వారాలు రోజూ కూర్చోగలిగితే అప్పుడు డబ్బు సంగతి మాట్లాడదాం.

నాతో పనిచేసిన ఇద్దరు ఆడపిల్లల ఫోన్ నంబర్లు పంపుతున్నాను. ఒకమ్మాయి క్యూసీలో ఉంది, ఇంకో అమ్మాయి ప్రొడక్షన్ మానేసి ఎమ్మెస్సీలో చేరింది. జీతం ఎంత అని మొదలుపెట్టకు. నిన్న డ్యూటీ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఏం చేశారో అడుగు. వాళ్లతోపాటు చేరి మానేసినవాళ్లు ఎందుకు మానేశారో అడుగు. రాత్రి షిఫ్టులు, హాస్టల్, కంపెనీ బస్సు సంగతులూ సిగ్గుపడకుండా అడుగు, అమ్మకు కావలసింది ఆ వివరాలే. ఇద్దరితో మాట్లాడాక ఆదివారం సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. నాన్నతో నేను మాట్లాడేది ఆ తర్వాతే.

ఆశీస్సులతో,
పెదనాన్న