తెలుగులో పుస్తకాల డిజైనర్‌గా బతకొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

బతకొచ్చు. కవర్లు మాత్రమే వేసి బతుకుతానంటే కష్టం.

నేను 2003లో విజయవాడలో ఒక డీటీపీ సెంటర్లో చేరాను. పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, తెలుగు టైపుకి అను ఫాంట్లు. పొద్దున శుభలేఖలు, మధ్యాహ్నం కరపత్రాలు, రాత్రిళ్లు పోటీ పరీక్షల గైడ్లు. ఒక కథల పుస్తకం చేతికి రావడానికి ఆరేళ్లు పట్టింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంట్లోనే కూర్చుని చేసుకుంటున్నాను. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ ఎక్కడ నేర్చుకోవాలని అడిగారు. అది యూట్యూబ్ చూసినా వచ్చేస్తుంది. అసలు పని ప్రెస్సులో, బైండింగ్ షాపులో ఉంటుంది. నాకది ఆలస్యంగా తెలిసింది.

ఒక కథల సంపుటి. డెమీ సైజు (మామూలు కథల పుస్తకాల సైజు), 208 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు సరిగ్గా 13. కాగితం 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు) మాప్‌లిథో అన్నారు. 104 ఆకులకి లెక్కేసి వెన్ను (పుస్తకం మందం కనబడే కుట్టు అంచు) 9 మిల్లీమీటర్లు పెట్టి కవర్ పంపేశాను. పుస్తకం బొద్దుగా కనబడాలని పబ్లిషరు గారు ఆఖర్లో దళసరి కాగితానికి మార్చారు. నాకు చెప్పలేదు. వెన్ను 13కి పోయింది. బైండరు వెనక అట్ట వైపు నుంచి సరిపెట్టుకుంటూ వచ్చాడు, దాంతో ముందు అట్ట 4 మిల్లీమీటర్లు వెన్ను మీదికి ఎక్కింది. స్టైల్‌గా ఉంటుందని రచయిత పేరుని ఎడమ అంచుకి ఆనించింది నేనే. ఇంటిపేరు పొడి అక్షరం పోయి మడతలో పడింది!

జనవరి నెల, బుక్ ఫెయిర్ ఇంకో రెండు రోజుల్లో. రచయిత ఫోను: "మా నాన్న పెట్టిన పేరు కనబడుతోంది గానీ, మా ఇంటిపేరేదయ్యా?" 500 కాపీలు. కట్టలు విప్పి చూస్తే అన్నీ అంతే. ఆయన తర్వాతి పుస్తకం కూడా నాకే ఇచ్చారు, పేరు మాత్రం అట్ట నడిమధ్యన పెట్టించుకున్నారు.

అప్పట్నుంచి, వేసే కాగితంతోనే అచ్చు లేని డమ్మీ పుస్తకం కట్టించి, స్కేలు పెట్టి కొలిచాకే వెన్ను వేస్తాను. నెల రోజులు బైండింగ్ షాపులో కూర్చుంటే వచ్చే చదువు ఏ డిజైన్ కాలేజీలోనూ రాదు. ఎవరేమన్నా నేనిదే చెప్తాను.

ఇంకో బాధ. అడిగేవాళ్లంతా "బాపు గారి టైపులో ఒక బొమ్మ" అంటారు. లోపలి పేజీలు మాత్రం ఎవరు తక్కువకి చేస్తే వాళ్లకి. కుట్టు వైపు మార్జిన్ వదలరు, పుస్తకాన్ని విరిచి పట్టుకుని చదవాలి. అను ఫాంట్లలో ఉన్న పాత ఫైలు ఇప్పుడందరూ వాడే యూనికోడ్‌లోకి మారిస్తే అక్కడక్కడా ఒత్తులు చెదిరిపోతాయి. అవి ఏరి దిద్దేది ఎవరు? డిజైనరే, అదీ ఉచితంగా. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకోకపోతే ఆ ఒత్తులూ కలవవు, ఇది మాత్రం ఇప్పుడే రాసిపెట్టుకోండి.

మీది ఏ ఊరో చెప్పలేదు. దగ్గర్లో ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంటే వెళ్లి ముందు కాగితాలు ముట్టుకుని చూడండి. "డబ్బులెందుకు, లోపల మీ పేరు వేస్తాం కదా" అనేవాళ్లు మొదటి వారంలోనే తగులుతారు. అడ్వాన్సు చేతిలో పడకుండా ఫైలు తెరవకండి.