రెండొందల గజాల ఇల్లు, పడమటి ఎండ

ప్రశ్న: సార్, జడ్చర్లలో మాకు 200 గజాల ప్లాటు ఉంది, పడమర ముఖం. ఉగాది దాటాక పని మొదలుపెడదామనుకుంటున్నాం. గోడలన్నీ నాలుగున్నర అంగుళాలే పెడితే గదులు కలిసొస్తాయని మేస్త్రీ అంటున్నాడు. మా ఆఫీసులో ఒకాయనేమో కూల్ రూఫ్ లేకపోతే మున్సిపాలిటీలో సర్టిఫికెట్ రాదని భయపెట్టారు. ఒకటే టెన్షన్. నిజంగా అలాంటి చట్టం ఉందా?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: టెన్షన్ పక్కన పెట్టండమ్మా. ఆయన చెప్పింది అబద్ధం కాదు, కానీ మీకు వర్తించేది కాదు. కూల్ రూఫ్ అంటే ఎండను వెనక్కి కొట్టే డాబా కప్పు. మన తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. సర్కారు భవనాలకు, వాణిజ్య భవనాలకు అది తప్పనిసరి. ఇళ్ల విషయానికొస్తే 600 గజాలు, ఆపైన ఉన్న ప్లాట్లకే. అంతకంటే తక్కువైతే మీ ఇష్టం.

కేంద్రం కూడా 2018 డిసెంబరులో ఇళ్ల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ అని ఒక కోడ్ తెచ్చింది. అది 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న ప్లాట్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. గజాల్లోకి మార్చి చూడండి, అదీ దాదాపు 600 గజాలే. 2001 నాటి ఇంధన పొదుపు చట్టాన్ని 2022లో సవరించి నివాస భవనాలనూ అందులోకి తెచ్చారు గానీ, అక్కడ గీత 100 కిలోవాట్ల లోడ్ దగ్గర ఉంది. మీ ఇంటికి ఐదు కిలోవాట్లు పెట్టించుకుంటే ఎక్కువ. ఇవన్నీ పెద్ద ఇళ్ల, అపార్టుమెంట్ల లెక్కలు.

ఇక పర్మిషన్ సంగతి. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల పైన 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు మించకపోతే, స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. ప్లాను తప్పని తేలితే బాధ్యత మీదే, అందుకే సెట్‌బ్యాక్‌ల దగ్గర, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ దగ్గర, మేస్త్రీ మాట వినకండి. గది లోపల ఉడికిపోతుందా లేదా అనేది మాత్రం ఆ దరఖాస్తులో ఎవరూ అడగరు. ఆ ప్రశ్న మీరే వేసుకోవాలి.

నేను వేసుకోలేదు. ముప్పై ఏళ్లు సైట్ల మీద తిరిగినవాణ్ని, నల్లగొండలో సొంతిల్లు కట్టుకున్నప్పుడు పడమటి బెడ్రూముకు నాలుగున్నర గోడే పెట్టించాను. మీ మేస్త్రీ చెప్పిన కారణానికే! మే నెలలో రాత్రి పదింటికి ఆ గోడ మీద చెయ్యి పెడితే అప్పుడే దించిన పెనంలా ఉండేది. మా ఆవిడ మంచాన్ని గోడకు మూరెడు దూరం జరిపింది. ఇంకేం, కలిసొచ్చిన గది అక్కడికే పోయింది. దేవరకొండ దగ్గర మా నాయన మట్టి మిద్దెలో అదే మే నెలలో మధ్యాహ్నం దుప్పటి పరుచుకుని నిద్రపోయేవాళ్లం.

కాబట్టి కోడ్ మీకు వర్తించకపోయినా అందులో పనికొచ్చేవి తీసుకోండి. అన్నిటికంటే ముందు స్లాబ్. పైకప్పు గుండా ఎంత వేడి దిగొచ్చో కోడ్‌లో ఒక హద్దు ఉంది. మనం పోసే ఐదంగుళాల ఒట్టి స్లాబ్ ఆ హద్దు దరిదాపుల్లోకి రాదు. స్లాబ్ మీద ఫోమ్ షీట్లు పరిచి, పైన కాంక్రీటు పూత పోసి, తెల్ల టైల్స్ అతికిస్తే సరిపోతుంది. డబ్బు చాలకపోతే తెల్ల టైల్స్ మట్టుకైనా వేయించండి, వచ్చే ఎండలో ఎక్కువ భాగాన్ని అవే వెనక్కి కొడతాయి.

తర్వాత పడమటి గోడ. మిగతావి మేస్త్రీ ఇష్టానికి వదిలినా, ఆ ఒక్కటీ ఎనిమిదంగుళాల లైట్ వెయిట్ బ్లాకులతో కట్టించండి. తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడతో పోలిస్తే దాని గుండా వచ్చే వేడి దాదాపు సగం. కిటికీల మీద సజ్జ రెండడుగులైనా బయటికి రావాలి. సాయంత్రం ఎండ మాత్రం సజ్జ కిందినుంచే దూరుతుంది. దానికి బయట వెదురు తడికో, వేపచెట్టో ఉండాలి.

కిటికీల దగ్గర చాలామంది మోసపోతారు. హైదరాబాద్ లాంటి వాతావరణానికి కోడ్ చెప్పేది, తెరుచుకునే భాగం నేల విస్తీర్ణంలో ఎనిమిదో వంతు ఉండాలని. ఇది ఇల్లు మొత్తానికి లెక్క. ఒక గదికి వేసి చూద్దాం. 12 బై 10 గదికి పదిహేను చదరపు అడుగులు కావాలి. మీరు 5 బై 4 స్లైడింగ్ కిటికీ పెట్టి ఇరవై వచ్చిందని సంబరపడతారు. స్లైడింగ్ సగమే తెరుచుకుంటుంది, అంటే పది! పాత రకం రెక్కల కిటికీ పెట్టించుకుంటే దాదాపు ఇరవైకి ఇరవై గాలి.

ప్రశ్న: మా ఇల్లు కట్టి పన్నెండేళ్లయింది. పై అంతస్తులో వేడికి ఉండలేకపోతున్నాం. ఫాల్స్ సీలింగ్ చేయిస్తే తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కొంత తగ్గుతుంది. కానీ స్లాబ్ కాగుతూనే ఉంటుంది, ఆ వేడి సీలింగ్ పైన కూర్చుని రాత్రంతా మెల్లగా దిగుతుంది. ఆ డబ్బు ముందు డాబా మీద పెట్టండి. సున్నం నానబెట్టి, కాస్త తెల్ల సిమెంటు, జిగురు కలిపి రెండు పూతలు వేయండి. నేను మొదటిసారి సగం డాబాకే వేసి ఆపాను. మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా ఎక్కితే తెల్ల సగం మీద నిలబడగలిగాను, నల్ల సగం మీద మూడడుగులు వేసి పరిగెత్తాను. వానలకు పూత పోతుంది, ఏటా వేసుకోవాల్సిందే. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా, ఆ వారమే మంచి టైము. ముందు పగుళ్లు పూడ్పించి, పూతకు ఒకరోజు ముందు డాబా శుభ్రంగా కడిగించండి. దుమ్ము మీద వేస్తే నెలకే పొరలుగా లేస్తుంది.