అది ఫొటో కాదండీ, రాతి మీద గీసిన బొమ్మ

ప్రశ్న: మా అమ్మాయి లైప్‌జిగ్‌లో చదువుతోంది. అక్కడ పాత సామాన్ల సంతలో వెబర్ అనే కంపోజర్ బొమ్మ కొని పంపింది. కింద చిన్నక్షరాల్లో లిథో అని ఉంది, చూస్తే బ్లాక్ అండ్ వైట్ ఫొటోలా ఉంది. నిజంగా పాతదేనా? లామినేషన్ చేయించి గోడకి పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ఫొటో అయ్యే ఛాన్సే లేదండీ. కార్ల్ మరియా ఫాన్ వెబర్ 1826లో లండన్‌లో పోయాడు, ఫొటోగ్రఫీ జనంలోకి వచ్చిందే 1839లో. కానీ మీ అమ్మాయి భలే బొమ్మ పట్టింది, ఎందుకంటే వెబర్‌కి ఈ లిథో, అంటే రాతి మీద గీసి కాగితం మీదకి దించే రాతి అచ్చు పని, స్వయంగా వచ్చు! మ్యూనిక్‌లో నాటకాలు రాసుకునే సెనెఫెల్డర్ వాటిని చవగ్గా అచ్చేసుకోవాలని తంటాలు పడుతూ, 1796లో చేతికి కాగితం దొరక్క వాళ్లమ్మ చెప్పిన చాకలి పద్దు రాతి మీద రాశాడట, ఆ దారిలోనే పోయి రెండేళ్లకి లిథోగ్రఫీ కనిపెట్టాడు. కుర్రాడు వెబర్ అప్పుడు మ్యూనిక్‌లోనే ఉన్నాడు, ఆ పని నేర్చుకుని 1800లో, ఇంకా పద్నాలుగు కూడా నిండకుండానే, తన పియానో వేరియేషన్స్ (ఒకే బాణీని రకరకాలుగా మార్చి కట్టిన ముక్కలు) తనే రాతి మీద రాసి అచ్చేశాడు. నాకైతే ఇది తల్చుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

పని ఎలాగంటే, బవేరియాలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాయికి సన్న గరుకు తెప్పించి, జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ గీస్తారు, అచ్చులో కుడి ఎడమ తిరగబడతాయి కాబట్టి అది చూసుకునే గీయాలి, తర్వాత కాస్త ఆమ్లం కలిపిన తుమ్మజిగురు పట్టించి, రాయి తడిపి, ఇంకు రోలర్ దొర్లిస్తే తడి ఉన్నచోట ఇంకు అంటదు, జిడ్డు ఉన్నచోటే పట్టుకుంటుంది. ఉలితో చెక్కే పనే లేదు, అందుకే బుగ్గల మీద నీడలు అంత మెత్తగా వస్తాయి, మీకు ఫొటోలా అనిపించింది కూడా అందుకే.

ఇప్పుడు మంచి భూతద్దం పెట్టి ఆ బుగ్గల దగ్గరే చూడండి. చుక్కలు వరసలుగా, లెక్క ప్రకారం పేర్చినట్టుంటే తర్వాతి కాలపు కాపీ. ఒక తీరూ వరసా లేని గరుకు మచ్చలుంటే రాతి అచ్చు కావచ్చు. బొమ్మ చుట్టూ కాగితం నొక్కుకుపోయిన గీత లేదని కంగారు పడొద్దు, అది రాగి రేకు అచ్చులకి వస్తుంది. ఏ సంవత్సరందో మాత్రం ఇంట్లో తేలదు, పాత ప్రింట్లు చూసేవాళ్లకి చూపించాల్సిందే.

లామినేషన్ మాత్రం వద్దండీ, ఒకసారి చేస్తే ఊడదీయలేం. ఆమ్లం లేని అట్టమీద పెట్టి, అద్దం కాగితానికి తగలకుండా ఫ్రేమ్ కట్టించి, ఎండ పడని గోడకి పెట్టండి.