అమ్మానాన్నలకు ఆయిస్టర్ కార్డు

వేసవి వచ్చిందంటే లండన్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు నన్ను అడిగేది ఒకటే. "అమ్మానాన్నలు వస్తున్నారు, రెండు నెలలుంటారు. ఆయిస్టర్ కార్డు కొనాలా? బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే సరిపోదా?"

ఆయిస్టర్ అంటే ముందే డబ్బు వేసుకుని, లండన్ బస్సుల్లో, రైళ్లలో ట్యాప్ చేసే కార్డు. రాయితీ లేని మామూలు ఛార్జీల్లో దానికీ బ్యాంకు కార్డుకీ తేడా లేదు. రోజుకి ఇంతకు మించి పడకూడదన్న పరిమితి కూడా రెండింటికీ ఉంటుంది. పైగా ఆయిస్టర్ కార్డు కోసం కట్టిన ఫీజు వెనక్కి రాదు. అయినా అమ్మానాన్నలకు ఆయిస్టరే కొనమంటాను.

ఇండియా కార్డుల సంగతి ముందు చూడండి. 2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డులు విదేశాల్లో పనిచేయాలన్నా, కాంటాక్ట్‌లెస్ వాడాలన్నా మనమే ఆన్ చేసుకోవాలి. చేసుకున్నా, పౌండ్లను రూపాయల్లోకి మార్చేటప్పుడు చాలా బ్యాంకులు కొంత నొక్కేస్తాయి.

మీ ఇక్కడి కార్డు ఇద్దామంటే, ఇద్దరికీ ఒకటి పనికిరాదు, మనిషికో కార్డు ఉండాలి. ఇంకో చిక్కు నాకు డబ్బు పోయాకే తెలిసింది. నాన్న నా బ్యాంకు కార్డు ట్యాప్ చేసి ట్యూబ్ (లండన్ భూగర్భ మెట్రో) ఎక్కారు. దిగేచోట కార్డు ఏ జేబులో పెట్టారో గుర్తు రాలేదు. స్వెటరు, కోటు, లోపలి చొక్కా, అన్నీ తడుముకుంటున్నారు. వెనక జనం ఆగిపోయారు. నా ఫోన్‌లో ఉన్నదీ అదే కార్డు కదా అని ఆయన కోసం ఫోన్ ట్యాప్ చేశాను. గేటు తెరుచుకుంది, హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు చూస్తే గరిష్ఠ ఛార్జీ, అంటే ఎక్కేటప్పుడో దిగేటప్పుడో ట్యాప్ లేకపోతే వేసేది, రెండుసార్లు పడింది. అకౌంటు ఒకటే అయినా ప్లాస్టిక్ కార్డు, ఫోన్ ఆ యంత్రానికి ఇద్దరు వేర్వేరు మనుషులట! ఒకరు ఎక్కి దిగలేదు, ఇంకొకరు ఎక్కకుండానే దిగారు.

అసలు లాభం వేరే ఉంది. 60 దాటినవాళ్లు సీనియర్ రైల్‌కార్డు అనే రాయితీ కార్డు కొనుక్కోవచ్చు, టూరిస్టులైనా సరే. దాన్ని ట్యూబ్ స్టేషన్‌లో సిబ్బందికి చూపిస్తే ఆయిస్టర్‌కి లింక్ చేస్తారు. ఇక రద్దీ లేని వేళల్లో ట్యూబ్, రైలు ఛార్జీల్లో మూడో వంతు తగ్గుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6.30–9.30, సాయంత్రం 4–7 రద్దీ వేళలు. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లకు ఆ టైములో ఏం పని? బ్యాంకు కార్డుకు ఈ లింకు కుదరదు. 60 దాటినవాళ్లకు ఉచిత కార్డు ఉందటగా అని కూడా అడుగుతారు. అది లండన్ నివాసులకే.

పిల్లలుంటే, 11 ఏళ్ల లోపువాళ్లు పెద్దవాళ్లతో వెళ్తే ట్యూబ్‌లో ఉచితం. 11 నుంచి 15 ఏళ్ల వాళ్ల ఆయిస్టర్‌లో యంగ్ విజిటర్ డిస్కౌంట్ పెట్టమని స్టేషన్‌లో అడగండి, 14 రోజుల వరకు సగం ఛార్జీ.

బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోవడం లేదు. ఎక్కేటప్పుడు ఒక్కసారి ట్యాప్ చేస్తే చాలు, దిగేటప్పుడు వద్దు. 2025లో టికెట్ 1.75 పౌండ్లు. మొదటి ట్యాప్ నుంచి గంటలోపు ఎన్ని బస్సులు మారి ఎక్కినా మళ్లీ పడదు. మా అమ్మకి ఎస్కలేటరంటే గుండెదడ. డబుల్ డెక్కర్ పైన ముందు సీటు దొరికిందంటే మాత్రం స్టాపొచ్చినా లేవదు. మీ అమ్మగారూ అంతేనేమో, తొందరలేని రోజు బస్సుకే తీసుకెళ్లండి.

తిరిగి వెళ్లేటప్పుడు కార్డులో మిగిలిన డబ్బు గురించి టెన్షన్ అక్కర్లేదు, దానికి గడువు లేదు. మా అమ్మానాన్నల కార్డులు మా ఇంట్లో సొరుగులోనే ఉంటాయి. ఎవరిది ఎవరిదో కలిసిపోకుండా స్టిక్కర్ అంటించి పేర్లు రాశాను, రైల్‌కార్డు ఎవరి పేరున ఉంటే వాళ్లే ఆ ఆయిస్టర్ వాడాలి కదా. ఏడాదికి తీసుకున్న రైల్‌కార్డు మాత్రం వచ్చే వేసవికి అయిపోతుంది. కొత్తది తీసుకుని మళ్లీ లింక్ చేయించుకోవాల్సిందే.